ఎంసెట్ ఫామ్‌లో 'లోకల్' కాలమ్, మూసీ ఒడ్డున ఒక పాత స్కూల్ బిల్డింగ్

 

ఈ ఎపిసోడ్ ఒక ఫామ్‌తో మొదలుపెడతాను. మీలో ఇంటర్ అయిపోయిన ప్రతి ఒక్కరూ నింపే ఉంటారు. ఎంసెట్ అప్లికేషన్ ఫామ్, ఇప్పుడైతే ఈఏపీసెట్ అంటున్నారు. పేరు, పుట్టిన తేదీ, క్యాస్ట్, ఇంకమ్ అన్నీ టకటకా నింపేస్తాం. ఆ తర్వాత ఒక కాలమ్ వస్తుంది. 'లోకల్ ఏరియా.' అప్పట్లో ఓయూ, ఏయూ, ఎస్వీయూ. ఆరో క్లాసు నుంచి ఇంటర్ దాకా ఏ ఏడాది ఏ ఊళ్ళో చదివావో స్టడీ సర్టిఫికెట్లు పెట్టాలి.

నేను ఆ ఫామ్ నింపింది 2014 వేసవిలో. రాష్ట్రం విడిపోతున్న వేసవి. నేను పుట్టింది హైదరాబాద్‌లో. మా అమ్మ వాళ్ళది పాతబస్తీ, హుస్సేనీ ఆలం. నాన్న వాళ్ళది తెనాలి. నేను ఐదో క్లాసులో ఉండగా నాన్న ఉద్యోగం పోయింది. దాంతో ఆరు నుంచి తొమ్మిది దాకా తెనాలిలో నానమ్మ దగ్గరుండి చదువుకున్నాను. పదో క్లాసుకి మళ్ళీ హైదరాబాద్ వచ్చేశాం.

రూల్ ఏంటంటే, ఇంటర్ దాకా చివరి నాలుగేళ్ళు వరసగా ఒకే ఏరియాలో చదివితే అక్కడ నువ్వు లోకల్. అలా కుదరకపోతే చివరి ఏడేళ్ళలో ఎక్కడ ఎక్కువ చదివితే అక్కడ లోకల్. నా లెక్క వేయండి. తెనాలి నాలుగు, హైదరాబాద్ మూడు. ఒక్క ఏడాది తేడా. అంటే చార్మినార్‌కి పది నిమిషాల దూరంలో పెరిగిన నేను హైదరాబాద్‌లో నాన్-లోకల్.

ఇంట్లో అమ్మ ఏడ్చింది. నాన్న ఏం మాట్లాడలేదు, తప్పంతా తనదే అన్నట్టు కూర్చున్నారు. అప్పుడు మా తాత, అంటే అమ్మ వాళ్ళ నాన్న, ఆ ఫామ్ చేతిలోకి తీసుకుని కళ్ళద్దాలు పెట్టుకుని చదివి, పెద్దగా నవ్వారు. ఆ టైమ్‌లో నవ్వేసరికి నాకు ఒళ్ళు మండింది.

"అరే బేటా, గీ కాలమ్ కోసం నేను పద్నాలుగు పదిహేనేండ్లప్పుడు లొల్లి చేసిన. గిప్పుడు నీకే తగిలింది," అన్నారు.

మర్నాడు పొద్దున ఆటోలో ఒక చోటికి తీసుకెళ్ళారు. ఆ చోటే ఇవాళ్టి టాపిక్. ఒక పాత స్కూల్ బిల్డింగ్. నేను అప్పటిదాకా దాని ముందు నుంచి వందసార్లు బస్సులో వెళ్ళాను. ఒక్కసారి కూడా తలెత్తి చూళ్ళేదు.

అఫ్జల్‌గంజ్ నుంచి నయాపూల్ మీద మూసీ దాటి రండి. దాటగానే కుడివైపు ఎర్రటి రాయితో హైకోర్టు కనిపిస్తుంది. దాన్ని దాటి కొంచెం ముందుకెళ్తే పొడవాటి కమానులు, పైన గుమ్మటాలతో ఇంకో బిల్డింగ్ ఉంటుంది. అదే సిటీ కాలేజీ. ఇప్పుడు డిగ్రీ కాలేజీ. కానీ అది కట్టింది కాలేజీ కోసం కాదు, స్కూల్ కోసం. దాని అసలు పేరు సిటీ హైస్కూల్.

ఇక్కడ ఈ బిల్డింగ్ ఎందుకు వచ్చిందో తెలియాలంటే ముందు మూసీ గురించి మాట్లాడుకోవాలి.

1908 సెప్టెంబర్ 28. మూసీకి వరద వచ్చింది. అలాంటి వరద హైదరాబాద్ మళ్ళీ చూళ్ళేదు. దాదాపు పదిహేను వేల మంది చనిపోయారని చెప్తారు. అఫ్జల్‌గంజ్ దగ్గరున్న పాత ఆసుపత్రి కొట్టుకుపోయింది. ఆ ప్రాంగణంలో ఒక చింతచెట్టు మీదెక్కి నూట యాభై మంది దాకా బతికిపోయారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది, వెళ్తే చూడండి.

వరద తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యని పిలిపించింది. నీళ్ళని ఊరికి పైనే ఆపాలని ఆయన చెప్పారు. అలా మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ నది మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. మన గండిపేట అంటే ఆ ఉస్మాన్‌సాగరే. ఇంకోపక్క ఊరిని కొత్తగా ప్లాన్ చేయడానికి 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. వరదకి పాడైపోయిన నది ఒడ్డుని ఊరికి మొహంలా మార్చాలన్నది ఆలోచన. అక్కడ గుడిసెలూ మురికీ పోయి పెద్ద పెద్ద పబ్లిక్ బిల్డింగులు రావాలి.

దానికోసం ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ప్రభుత్వం ఒక ఇంగ్లీష్ ఆర్కిటెక్ట్‌ని తెచ్చుకుంది. పేరు విన్సెంట్ ఎష్. కలకత్తాలో విక్టోరియా మెమోరియల్ తెలుసు కదా, ఆ కట్టడం పనులు దగ్గరుండి చూసిన ఆర్కిటెక్ట్ ఈయనే. హైదరాబాద్ వచ్చి ఆరేడేళ్ళలో నాలుగు పెద్ద బిల్డింగులకి పనిచేశాడు. కాచిగూడ రైల్వే స్టేషన్, హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి, నాలుగోది మన సిటీ హైస్కూల్. హైకోర్టు ప్లాన్ మాత్రం జైపూర్‌కి చెందిన శంకర్‌లాల్ పేరు మీద కూడా చెప్తారు.

నేను సివిల్ కాదు, కంప్యూటర్స్. అయినా ఆ బిల్డింగ్‌లోకి మొదటిసారి అడుగుపెట్టినప్పుడు నాకు అర్థమైంది ఒకటుంది. మే నెల, బయట నలభై పైన ఎండ. లోపల చల్లగా ఉంది. ఏసీ లేదు. మందమైన గోడలు, ఎత్తైన సీలింగు, గదులకి ఆనుకుని పొడుగ్గా వరండాలు. వేడిగాలి పైకి పోతుంది, ఎండ వరండా దాకా వచ్చి ఆగిపోతుంది. మనం అద్దాల బిల్డింగు కట్టి, లోపల వేడెక్కిందని ఏసీ పెట్టి, ఆ ఏసీకి కరెంటు బిల్లు కట్టి ఉద్యోగం చేస్తున్నాం. వందేళ్ళ కింద పిల్లల బడికి వాళ్ళకి ఆ తెలివి ఉంది.

ఈ స్కూల్ మూలాలు ఇంకా పాతవి. మొదటి సాలార్‌జంగ్ దివాన్‌గా ఉన్న రోజుల్లో మొదలైన దార్-ఉల్-ఉలూమ్ అనే మదర్సా దాకా వెళ్తాయి. అదే కొత్త రూపంలో 1921లో ఈ బిల్డింగ్‌లోకి వచ్చింది. అదే ఏడాది ఇంటర్మీడియట్ కూడా పెట్టారు, ముప్పై మంది స్టూడెంట్స్‌తో. 1929లో సిటీ కాలేజీ అనే పేరు వచ్చింది, ఉస్మానియా యూనివర్సిటీ కిందకి చేరింది.

ఇప్పుడు ముఖ్యమైన పాయింట్. అక్కడ చదువు ఏ భాషలో? ఉర్దూలో.

దీన్ని కొంచెం జాగ్రత్తగా చూడాలి. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ పెట్టినప్పుడు అది చాలా ధైర్యమైన పని. దేశంలో మిగతా యూనివర్సిటీలన్నీ ఇంగ్లీష్‌లో చెప్తుంటే, ఇక్కడ మన దేశపు భాషలో ఫిజిక్స్, మెడిసిన్, ఇంజనీరింగ్ చెప్తామన్నారు. దానికోసం ప్రత్యేకంగా అనువాదాల శాఖ పెట్టి టెక్స్ట్‌బుక్కులన్నీ ఉర్దూలోకి తెచ్చారు. ఇంగ్లీష్ మీడియం కోసం అప్పులు చేసే మన తరానికి ఇది చిన్న విషయం కాదు.

కానీ ఇంకో వైపు కూడా ఉంది. ఆ 'మన దేశపు భాష' రాజ్యంలో ఎక్కువమంది ఇంట్లో మాట్లాడేది కాదు. నల్గొండ నుంచో, వరంగల్ నుంచో వచ్చిన పిల్లాడికి ఇంట్లో తెలుగు, బళ్ళో ఉర్దూ. మరాఠ్వాడా పిల్లాడికి మరాఠీ, కన్నడ జిల్లాల పిల్లాడికి కన్నడ. అందరూ ఈ కమానుల కిందకి వచ్చి ఉర్దూలో లెక్కలు చేయాలి. మా తాత ఇప్పటికీ, అంటే ఆయన పోయేదాకా, ఎక్కాలు ఉర్దూలోనే చదివేవారు. తెలుగులో చెప్పమంటే తడబడేవారు. కాళోజీ నారాయణరావు గారు కూడా కొంతకాలం సిటీ కాలేజీలో చదువుకున్నారు. తర్వాత ఆయన తెలంగాణ మనుషులు మాట్లాడే తెలుగు కోసం జీవితమంతా ఎందుకు నిలబడ్డారో, దీన్నిబట్టి కొంత ఊహించుకోవచ్చు.

ఇక్కడ పాఠాలు చెప్పిన వాళ్ళలో ఒక పెద్ద పేరు ఉంది. మఖ్దూం మొహియుద్దీన్. ఉర్దూ కవి. ఇక్కడ లెక్చరర్‌గా చేశారు, తర్వాత ఆ ఉద్యోగం వదిలేసి కమ్యూనిస్టు ఉద్యమంలోకి, తెలంగాణ సాయుధ పోరాటంలోకి వెళ్ళారు. నిజాం కట్టించిన గదిలో, నిజాం జీతం తీసుకున్న మాస్టారు నిజాం మీదే తిరగబడ్డారు. బిల్డింగ్ ఎవరు కట్టించినా, లోపల పిల్లల బుర్రలో ఏం పడుతుందన్నది వాళ్ళ చేతిలో ఉండదు అని నాకనిపిస్తుంది.

సరే, ఇప్పుడు ఫామ్ దగ్గరికి వద్దాం.

ఈ బిల్డింగ్ కడుతుండగానే, 1919లో, నిజాం ఒక ఫర్మానా ఇచ్చాడు. దాన్నే ముల్కీ రూల్స్ అంటారు. ముల్క్ అంటే దేశం, ముల్కీ అంటే ఈ దేశం వాడు. నిజాం ప్రభుత్వంలో ఉద్యోగం కావాలంటే ముల్కీ అయ్యుండాలి. ముల్కీ కాకపోతే ప్రత్యేకంగా నిజాం అనుమతి ఉండాలి. ముల్కీ అంటే ఎవరు? ఇక్కడి వాళ్ళకి పుట్టినవాడు. లేకపోతే పదిహేనేళ్ళు ఇక్కడ ఉండి, నేను తిరిగి మా ఊరు వెళ్ళే ఆలోచన వదులుకున్నాను అని రాసిచ్చినవాడు.

ఇది ఆంధ్రావాళ్ళ కోసం పెట్టిన రూల్ అని మనలో చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. కాదు. సాలార్‌జంగ్ కాలం నుంచి ఉత్తరాది నుంచి చదువుకున్నవాళ్ళని పిలిపించి పెద్ద పోస్టుల్లో కూర్చోబెట్టేవాళ్ళు. ఇక్కడివాళ్ళకి కడుపుమంట. మాకు చదువు చెప్పించి మాకే ఉద్యోగాలు ఇవ్వొచ్చు కదా అని. ఆ గొడవలోంచి పుట్టిన రూల్ ఇది. అంటే ఒకే టైమ్‌లో రెండు కట్టారు. లోకల్ పిల్లల్ని ఉద్యోగాలకి తయారుచేసే స్కూల్ ఒకటి. ఆ ఉద్యోగాలు వాళ్ళకే దక్కాలనే రూల్ ఒకటి.

తర్వాత 1948 సెప్టెంబర్. భారత సైన్యం వచ్చింది. హైదరాబాద్ రాజ్యం ఇండియాలో కలిసింది. పాలన మారింది, ఆఫీసుల భాష కూడా ఉర్దూ నుంచి ఇంగ్లీష్‌కి మారడం మొదలైంది. ఇప్పుడు ఆలోచించండి. ఉర్దూ మీడియంలో డిగ్రీ దాకా చదివిన హైదరాబాద్ కుర్రాడు ఒకవైపు. మద్రాస్ రాష్ట్రంలో ఇంగ్లీష్‌లో చదువుకుని, ఇంగ్లీష్‌లో ఫైలు రాయగల కోస్తా కుర్రాడు ఇంకోవైపు. ఉద్యోగం ఎవరికొస్తుంది?

మనకి ఇది తెలియంది కాదు. కంపెనీ రాత్రికి రాత్రి కొత్త టెక్నాలజీకి మారిపోతుంది. పదేళ్ళు పాతదాంట్లో ఎక్స్‌పర్ట్ అయినవాడు పొద్దున్నే ఫ్రెషర్ అయిపోతాడు. వాడి తెలివి తగ్గలేదు. అడిగే భాష మారింది, అంతే. నేను ఉద్యోగం చేసిన రోజుల్లో అలాంటి అన్నయ్యల్ని చూశాను, క్యాంటీన్‌లో ఒంటరిగా కూర్చునేవాళ్ళు.

బయటి నుంచి వచ్చినవాళ్ళు చాలామంది దొంగ ముల్కీ సర్టిఫికెట్లు తెచ్చుకున్నారని కూడా అప్పట్లో పెద్ద ఆరోపణ. 1952 మార్చిలో ఎన్నికైన మొదటి ప్రభుత్వం వచ్చింది, బూర్గుల రామకృష్ణారావు గారు ముఖ్యమంత్రి. ఆయన ఇక్కడివారే. ఇప్పుడైనా సరిచేస్తారని స్టూడెంట్స్ ఆశపడ్డారు. ఆ వేసవి తర్వాత వరంగల్‌లో టీచర్ల విషయంలో మొదలైన గొడవ స్టూడెంట్ల ఊరేగింపులుగా మారింది. అక్కడి నుంచి హైదరాబాద్‌కి వచ్చింది. 'నాన్-ముల్కీ గో బ్యాక్', 'ఇడ్లీ సాంబార్ గో బ్యాక్' అని నినాదాలు.

1952 సెప్టెంబర్ 3. సిటీ కాలేజీ దగ్గర స్టూడెంట్స్ గుంపులుగా చేరారు. పోలీసులు వచ్చారు. రాళ్ళు, లాఠీలు, ఆ తర్వాత తుపాకులు. కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. మర్నాడు, సెప్టెంబర్ 4న, ఊళ్ళో మళ్ళీ కాల్పులు, మళ్ళీ చావులు. స్వతంత్రం వచ్చి ఐదేళ్ళు. మన ప్రభుత్వం, మన పోలీసులు, మన పిల్లలు.

మా తాత అప్పుడు అక్కడే హైస్కూల్‌లో చదువుతున్నారు. ఆ రోజు మే ఎండలో ఆ గేటు దగ్గర నిలబడి నాకు ఆయన చెప్పింది చాలా తక్కువ. చరిత్ర పుస్తకంలో ఉన్నట్టు ఏం చెప్పలేదు. "పెద్ద పిల్లలు అరిస్తే మేం అరిసినం. సప్పుడైంది. పటాకులనుకున్నం. అందరూ ఉరికిన్రు, నేను ఉరికిన. ఇంటికి పోయి చూస్తే కాలికి ఒక్కటే చెప్పుంది," అన్నారు. కాసేపాగి, "రాయి ఏసినవా తాతా అని మాత్రం అడగకు," అన్నారు. నేను అడగలేదు.

ఆ గేటు దగ్గర నిలబడి ఒకసారి చుట్టూ చూడమన్నారు. పక్కన హైకోర్టు, నది అవతల ఉస్మానియా ఆసుపత్రి. మూడూ ఒకే ఆర్కిటెక్ట్ చేతుల మీదుగా, ఒకే ప్లాన్‌లో, ఒకే పదేళ్ళలో వచ్చినవి. చదువు, న్యాయం, వైద్యం. కొత్త హైదరాబాద్ అంటే ఇది అని ఆ నది ఒడ్డున వరసగా పెట్టారు. 1952లో స్కూల్ దగ్గర కాల్పులు జరిగాయి. దెబ్బలు తగిలినవాళ్ళని వంతెన దాటించి ఆ ఆసుపత్రికే తీసుకెళ్ళారు. దాని మీద విచారణ చేసింది ఆ పక్క కోర్టు జడ్జి, జస్టిస్ పింగళి జగన్మోహన్ రెడ్డి. ఆయనే తర్వాత సుప్రీంకోర్టుకి వెళ్ళి కేశవానంద భారతి కేసు విన్న పదముగ్గురు జడ్జిల్లో ఒకరయ్యారు.

ఇంకో విషయం మీరు గమనించాలి. ఇదే 1952లో, ఈ కాల్పులు జరిగిన ఆరేడు వారాలకి, అక్టోబర్ 19న మద్రాసులో పొట్టి శ్రీరాములు గారు నిరాహారదీక్ష మొదలుపెట్టారు. డిసెంబర్ 15న ప్రాణం వదిలారు. మద్రాసు రాష్ట్రంలో తమిళుల పెత్తనం కింద మాకు ఉద్యోగాలు రావట్లేదు, గౌరవం లేదు అనేది అక్కడి తెలుగువాళ్ళ బాధ. సరిగ్గా అదే బాధ, అదే ఏడాది, హైదరాబాద్‌లో తెలుగువాళ్ళది, కాకపోతే ఇక్కడ వేలు చూపించింది మద్రాసు నుంచి వచ్చిన తెలుగువాళ్ళ వైపు. స్కూల్లో మనం ఒకదాన్ని ఒక పాఠంలో, ఇంకోదాన్ని ఇంకో పాఠంలో చదువుతాం. రెండూ పక్కపక్కన పెట్టి చూడం.

అటు నుంచి వచ్చిన గుమాస్తాలు, టీచర్లు కూడా చాలామంది చిన్న జీతానికి కుటుంబాన్ని వదిలి వచ్చినవాళ్ళే. వాళ్ళ ఇంట్లో కూడా ఒక కథ ఉంటుంది. సగం తెనాలి వాడిగా ఇది చెప్పకపోతే నాకు నిద్రపట్టదు.

ఇక అక్కడి నుంచి ఎంసెట్ ఫామ్ దాకా ఎలా వచ్చిందో వరసగా చూద్దాం.

1956 ఫిబ్రవరి 20న పెద్దమనుషుల ఒప్పందం. తెలంగాణ, ఆంధ్ర కలిస్తే తెలంగాణ ఉద్యోగాలకి ఇక్కడ పన్నెండేళ్ళు ఉన్నవాళ్ళే అర్హులని, తెలంగాణలో చదువు సౌకర్యాలు ఇక్కడి పిల్లలకే అని రాసుకున్నారు. గమనించండి, ఉద్యోగాల పక్కన చదువు కూడా వచ్చి చేరింది. నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. రాసుకున్నది అమలు కాలేదని 1969లో తెలంగాణ భగ్గుమంది, మళ్ళీ ముందు నిలబడింది స్టూడెంట్సే. 1972 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ముల్కీ రూల్స్ చెల్లుతాయని తీర్పు ఇచ్చింది. అప్పుడు అటువైపు జై ఆంధ్ర ఉద్యమం లేచింది. మా రాజధానిలో మేమే పరాయివాళ్ళమా అని వాళ్ళ ప్రశ్న. అక్కడా పిల్లలు చనిపోయారు.

1973లో ఆరు సూత్రాల పథకం వచ్చింది. ముల్కీ రూల్స్ తీసేశారు. వాటి స్థానంలో రాజ్యాంగంలో 371డి అనే ఆర్టికల్ చేర్చారు. దాని కింద 1974లో విద్యాసంస్థల అడ్మిషన్ల మీద రాష్ట్రపతి ఉత్తర్వు. రాష్ట్రాన్ని మూడు లోకల్ ఏరియాలు చేశారు. ఉస్మానియా, ఆంధ్ర, శ్రీ వెంకటేశ్వర. 85 శాతం సీట్లు లోకల్‌కి, 15 శాతం ఓపెన్. లోకల్ ఎవరంటే చివరి నాలుగేళ్ళు, లేదా ఏడేళ్ళలో ఎక్కువ కాలం అక్కడ చదివినవాడు.

ఇదిగో, ఇదే నా ఫామ్‌లోని కాలమ్. 1919లో పదిహేనేళ్ళు, 1956లో పన్నెండేళ్ళు, 1974లో నాలుగేళ్ళు. అంకె మారింది. ప్రశ్న మారలేదు. నువ్వు ఎక్కడివాడివి? ఎన్నాళ్ళుంటే ఇక్కడివాడివి అవుతావు? రాష్ట్రం విడిపోయాక కూడా ఆ అడ్మిషన్ల పద్ధతిని పదేళ్ళ దాకా కొనసాగించాలని 2014 విభజన చట్టంలో పెట్టారు. ఆ గడువు 2024 జూన్‌తో అయిపోయింది. ఆ తర్వాత ఎవరు లోకల్ అని రెండు రాష్ట్రాల్లోనూ మళ్ళీ కొత్తగా రాసుకున్నారు. మీ తమ్ముడో చెల్లెలో ఈసారి ఆ ఫామ్ నింపుతుంటే, ఆ కాలమ్‌ని ఒకసారి ఈ కళ్ళతో చూడండి.

మరి ఆ రూల్ తప్పా? నేను చాలా ఏళ్ళు తప్పే అనుకున్నాను, ఎందుకంటే నాకు తగిలింది కాబట్టి. నాకు 15 శాతం ఓపెన్ కోటాలో, ఊరికి చాలా దూరంగా, ఒక కాలేజీలో సీటు వచ్చింది. రోజూ రెండు గంటలు బస్సు. ప్రతిరోజూ ఆ రూల్‌ని తిట్టుకునేవాణ్ణి.

ఒకసారి తాతనే నేరుగా అడిగాను. "మీరు చేసిన లొల్లి వల్లే కదా నాకు ఇలా అయింది?" అని. కోపంగానే అడిగాను. ఆయన కోప్పడలేదు. "మా క్లాసుల పిల్లలు తెలివితక్కువోళ్ళు కాదు బేటా. ఉర్దూల ఫస్టొచ్చిన పిల్లగాడు ఇంగ్లీష్ రాక బజాజ దుకాణంల లెక్కలు రాసిండు. వాని కోసం ఒక గీత గీయాలె. గా గీత గీస్తే ఎవనికో ఒకనికి తగుల్తది. నీకు తగులుతదని నాకేం ఎరుక," అన్నారు.

అప్పుడు నాకు కొంత అర్థమైంది. వెనకపడ్డవాడిని కాపాడటానికి గీత కావాలి. గీత ఎక్కడ గీసినా దాని మీద నిలబడ్డ పిల్లాడు ఒకడుంటాడు. రెండూ నిజమే. ఒకటి నిజమైతే ఇంకోటి అబద్ధం కానక్కర్లేదు. ఇరవయ్యేళ్ళ వయసులో నాకు ఇది మింగుడు పడలేదు, ఇప్పుడు పడుతోంది.

అన్నట్టు, 'ఇడ్లీ సాంబార్ గో బ్యాక్' అని అరిచిన మా తాత, 1990ల్లో తన ఒక్కగానొక్క కూతుర్ని తెనాలి అబ్బాయికి ఇచ్చి పెళ్ళి చేశారు. ఆ సంబంధం గురించి హుస్సేనీ ఆలంలో పెద్ద చర్చే జరిగిందట. ఆదివారం నాన్న ఇడ్లీ తెస్తే, "అల్లుడూ, సాంబార్ ఎక్కువ తెచ్చినవా?" అని అడిగేవారు. "తెచ్చాను మావయ్య గారూ, గో బ్యాక్ అంటే పట్టుకుపోతాను," అనేవారు నాన్న. ఇద్దరూ నవ్వేవాళ్ళు. ఆ నవ్వు దేని గురించో నాకు 2014 దాకా తెలీదు.

ఇప్పుడు ఆ మూడు బిల్డింగులు ఎలా ఉన్నాయి? ఉస్మానియా పాత బిల్డింగ్‌లోకి 2020 జులైలో వాన నీళ్ళు వచ్చి పేషెంట్లు పడ్డ అవస్థ మీరు ఫోన్లలో చూసే ఉంటారు. ఆ తర్వాత దాన్ని ఖాళీ చేయించారు. కొత్త ఆసుపత్రికి గోషామహల్‌లో 2025 జనవరిలో శంకుస్థాపన చేశారు. హైకోర్టుకి రాజేంద్రనగర్‌లో కొత్త భవనానికి 2024లో శంకుస్థాపన అయింది. ఆసుపత్రి వెళ్ళిపోతోంది, కోర్టు వెళ్ళిపోతోంది. ఆ వరసలో కట్టిన పని కోసమే మిగిలేది బహుశా ఈ స్కూలే. ఇవాళ్టికీ పొద్దున్నే పిల్లలు బ్యాగులేసుకుని ఆ కమానుల కిందనుంచి లోపలికి వెళ్తారు. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీష్, అన్నీ ఆ వరండాల్లో వినిపిస్తాయి.

బిల్డింగ్ పాతబడితే రాళ్ళని రిపేర్ చేయొచ్చు, డబ్బు కావాలి అంతే. కానీ ఆ గేటు దగ్గర ఏం జరిగిందో గుర్తున్నవాళ్ళు పోతే దాన్ని ఏ ఇంజనీర్ తేలేడు. మా తాత మూడేళ్ళ కింద పోయారు. ఆయన్ని నేను ఒక్కసారి కూడా రికార్డ్ చేయలేదు. అప్పటికే నా చేతిలో మంచి కెమెరా ఉన్న ఫోన్ ఉంది. దాంట్లో బిర్యానీ వీడియోలు ఉన్నాయి, బైక్ వీడియోలు ఉన్నాయి. తాత చెప్పిన ఆ నాలుగు మాటలు మాత్రం నా బుర్రలోనే ఉన్నాయి. నేను ఉద్యోగం మానేసి ఈ వీడియోలు మొదలుపెట్టడానికి అసలు కారణం అదే. ఇప్పటిదాకా ఎప్పుడూ చెప్పలేదు, ఇవాళ చెప్తున్నాను.

అందుకే మిమ్మల్ని ఒక్కటే అడుగుతాను. ఇవాళ రాత్రి మీ ఇంట్లో పెద్దవాళ్ళ పక్కన కూర్చోండి. తాతయ్యో, అమ్మమ్మో, ఎవరున్నా సరే. "మీరు చదువుకున్న బడి ఎలా ఉండేది? ఏ భాషలో చెప్పేవాళ్ళు? ఎప్పుడు మానేశారు, ఎందుకు?" అని అడగండి. ఫోన్ ఆన్ చేసి పక్కన పెట్టండి. మొదట "ఏముందిలే" అంటారు. ఐదు నిమిషాలు ఓపిక పట్టండి.

నయాపూల్ వైపు వెళ్తే బస్సులోంచి తలెత్తి చూడండి. కుడివైపు, హైకోర్టు దాటాక.

సరే ఫ్రెండ్స్, నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.